పాలు పంచుకున్న పిల్లలు



మా మాస్టారు బడిలో చరిత్ర చెప్పేవారు. ఆదివారం సాయంత్రాలు ఇదే హాల్లో మాచేత నవలలు చదివించేవారు. ఏ నవల చదివినా ఆయన మొదట అడిగేది ఒకటే: ఈ ఇంట్లో వంట చేస్తున్నది ఎవరు, ఆ మనిషికి కథలో ఎన్ని మాటలు దక్కాయి? దానికి జవాబు వెతికాకే మిగతా చర్చ. ఆయన పేరిట ఉపన్యసించమని మీరు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన నవల ఖాలిద్ హొస్సేనీ రాసిన 'ద కైట్ రన్నర్'. ఆ ప్రశ్నకు ఈ నవల నిజాయితీగా జవాబు చెబుతుంది. కొంత దూరం వెళ్ళాక తడబడుతుంది కూడా. ఈ రెండిటి గురించీ మాట్లాడతాను.

నవల 2003లో అమెరికాలో అచ్చయింది. హొస్సేనీ 1965లో కాబూల్లో పుట్టాడు. తండ్రి విదేశాంగ శాఖ ఉద్యోగి. 1976లో కుటుంబం పారిస్ వెళ్ళింది. సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లోకి వచ్చాక ఇక తిరిగి వెళ్ళలేక 1980లో అమెరికాలో ఆశ్రయం తీసుకుంది. ఆయన డాక్టరయ్యాడు. రోజూ ఆస్పత్రికి వెళ్ళే ముందు, తెల్లవారుజామున కూర్చుని ఈ నవల రాశాడు. తాలిబాన్ గాలిపటాలను నిషేధించిందన్న వార్త ఆయన్ని ఈ కథకు పురికొల్పింది. చిన్నప్పుడు తమ ఇంట్లో పనిచేసిన ఒక హజారా వంటమనిషికి తాను చదవడం, రాయడం నేర్పానని కూడా ఆయన చెప్పాడు. మూడో తరగతి పిల్లవాడు ఒక పెద్దమనిషికి అక్షరాలు దిద్దించడమన్న ఆ ఒక్క విషయం గుర్తుంచుకోండి. నవలలోని పిల్లవాడు ఆ పని చేయడు.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. కాబూల్‌లో వజీర్ అక్బర్ ఖాన్ అనే సంపన్నుల పేట. అక్కడ బాబా అనే పష్తూన్ వ్యాపారి కట్టించిన పెద్ద ఇల్లు. ఆయన కొడుకు అమీర్. అదే ఆవరణలో, తోట చివర, మట్టి గుడిసెలో నౌకరు అలీ, అతని కొడుకు హసన్ ఉంటారు. వాళ్ళు హజారాలు. హసన్ అమీర్ కంటే ఏడాది చిన్న. తెల్లారకముందే లేచి, నమాజు చేసుకుని, అమీర్‌కి రొట్టె, టీ సిద్ధం చేస్తాడు. బట్టలు ఇస్త్రీ చేస్తాడు, పుస్తకాలు సర్దుతాడు. అమీర్ బడికి పోతాడు, హసన్ ఇంటి పనిలో ఉండిపోతాడు. అమీర్ తిరిగి రాగానే ఇద్దరూ కలిసి గుట్ట మీది దానిమ్మ చెట్టు కిందికి పరుగెత్తుతారు. అక్కడ అమీర్ చదువుతుంటే హసన్ వింటాడు. హసన్‌కి చాలా ఇష్టమైన కథ పారశీక ఇతిహాసం 'షానామా'లోని రుస్తుం, సొహ్రాబ్‌ల కథ. తండ్రి తెలియక కన్నకొడుకునే యుద్ధంలో చంపుకున్న కథ అది. హసన్ పెద్దయ్యాక తన కొడుక్కి సొహ్రాబ్ పేరే పెట్టుకుంటాడు.

హజారాలంటే ఎవరు? అఫ్ఘానిస్తాన్ నడిబొడ్డున, బామియాన్ చుట్టూ ఉన్న కొండల జనం. పారశీక భాషకు చెందిన హజారగీ మాట్లాడతారు. ఎక్కువమంది షియాలు. పష్తూన్లలో ఎక్కువమంది సున్నీలు. హజారాల ముఖం మధ్య ఆసియా వాళ్ళ ముఖంలా ఉంటుంది, కనుక వీధిలో ఎవరైనా గుర్తుపడతారు, ఎవరైనా తిడతారు. 1891 నుంచి 1893 దాకా అఫ్ఘాన్ పాలకుడు అబ్దుర్ రహ్మాన్ ఖాన్ వాళ్ళ మీద దండెత్తి, ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టాడు. వాళ్ళ భూములు పష్తూన్లకు పంచాడు. ఆడవాళ్ళను, పిల్లలను కాబూల్ బజార్లలో అమ్మారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు కొందరు క్వెట్టాకి, కొందరు ఇరాన్‌లోని మషద్‌కి పారిపోయారు. బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1923లో, పాలకుడు అమానుల్లా కాలంలో. నవల ప్రకారం అలీ తల్లిదండ్రులను మత్తులో కారు నడుపుతున్న ఇద్దరు పెద్దింటి యువకులు గుద్ది చంపింది 1933లో. తీర్పు చెప్పిన జడ్జి బాబా తండ్రి. ఆయన ఆ యువకులను ఏడాదిపాటు సైన్యంలో పనిచేయమన్నాడు, దిక్కులేని పిల్లవాణ్ణి తన ఇంటికి తెచ్చుకున్నాడు. అంటే బానిసత్వం రద్దయిన పదేళ్ళకు ఒక హజారా పిల్లవాడు పష్తూన్ పెద్దింట్లో అడుగుపెట్టాడు. దత్తపుత్రుడనే అన్నారు. పెరిగి నౌకరయ్యాడు. ఈ రెండు తేదీలనూ హొస్సేనీ పక్కపక్కన పెట్టి చూపలేదు. చరిత్ర మాస్టారి శిష్యుణ్ణి గనుక నాకు పెట్టి చూడాలనిపించింది.

ఇక పాల సంగతి. అమీర్ తల్లి అతన్ని కంటూ చనిపోయింది. హసన్ తల్లి సనోబర్ వారం తిరక్కుండానే పసివాణ్ణి వదిలి, ఆటపాటల బృందంతో వెళ్ళిపోయింది. అమీర్‌కి పాలివ్వడానికి అంతకుముందు పెట్టుకున్న ఆవిడనే బాబా మళ్ళీ పిలిపించి హసన్‌కూ పాలిప్పించాడు. ఆమె బామియాన్ నుంచి వచ్చిన హజారా స్త్రీ. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళ మధ్య కాలం కూడా తెంచలేని బంధం ఉంటుందని అలీ పిల్లలకు చెబుతుంటాడు. ఇది ఉత్త ముచ్చట కాదు. ఇస్లాంలో పాల బంధుత్వానికి ధర్మశాస్త్రంలో స్థానం ఉంది. పాలిచ్చిన తల్లిని, ఒకే పాలు తాగిన తోబుట్టువును పెళ్ళాడకూడదని ఖురాన్ నాలుగో సూరా చెబుతుంది. అంటే ఆ ఇంటి మతం ప్రకారమే హసన్ పుట్టిన ఏడాదిలోపే ఇద్దరూ అన్నదమ్ములయ్యారు. తర్వాత బయటపడే రహస్యంతో దానికి పనిలేదు. పైగా ఆ పాలు హజారా పాలు. పష్తూన్ వారసుడి ఎముక బలపడింది ఆ పాలతో. బామియాన్ స్త్రీ పేరు నవలలో లేదు. రెండు మూడు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. ఈ నవలలో అందరికంటే ఎక్కువ ఇచ్చినది ఆమేనని నా నమ్మకం.

పిల్లలిద్దరికీ వచ్చిన మొదటి మాటలు కూడా చెబుతాడు రచయిత. అమీర్ మొదటి మాట 'బాబా'. హసన్ మొదటి మాట 'అమీర్'. ఒకడు తండ్రి కోసం వెతుక్కుంటున్నాడు, రెండోవాడు ఆ మొదటివాణ్ణి వెతుక్కుంటున్నాడు. ఆ స్నేహమంతా ఈ ఒంపులోనే నడిచింది.

ప్రేమ లేదని నేను అనను. ఒక సన్నివేశం చూడండి. ఇద్దరూ సినిమాకి పోతూ సైనికుల శిబిరం పక్కగా నడుస్తారు. ఒక సైనికుడు హసన్‌ని పిలిచి, వాడి తల్లి గురించి నోటితో అనలేని మాటలంటాడు. హాల్లో చీకట్లో హసన్ ఏడుస్తుంటే అమీర్ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంటాడు. వాడు నిన్ను చూసి ఇంకెవరో అనుకున్నాడులే అని ఊరడిస్తాడు. ఆ చెయ్యి అబద్ధం కాదు. కానీ అదే చెయ్యి దానిమ్మ చెట్టు కింద పుస్తకం పట్టుకున్నప్పుడు, హసన్‌కి తెలియని మాటకు తప్పు అర్థం చెప్పి లోలోపల నవ్వుకుంటుంది. పుస్తకంలో లేని కథ కల్పించి చదువుతున్నట్టు నటిస్తుంది. నేను అడిగితే మట్టి తింటావా అని పరీక్షిస్తుంది. నువ్వు అడిగితే తింటాను, అయినా అలాంటి పని చేయమని నన్ను అడుగుతావా అంటాడు హసన్. ఈ జవాబులో పన్నెండేళ్ళు నిండని పిల్లవాడి ఆత్మగౌరవమంతా ఉంది. తన విధేయతను ఒప్పుకుంటూనే దాన్ని వాడుకునేవాడి ముందు అద్దం పెట్టాడు.

అక్షరం రాని హసనే ఆ ఇంట్లో మొదటి విమర్శకుడు. అమీర్ తన తొలి కథ వినిపిస్తాడు. కన్నీళ్ళు ముత్యాలుగా మారే గిన్నె దొరికినవాడు, ముత్యాల ఆశతో చివరికి భార్యను చంపి ఏడుస్తాడు. హసన్ మెచ్చుకుంటాడు, ఆ తర్వాత వినయంగా ఒక సందేహం అడుగుతాడు. ఏడుపే కావాలంటే వాడు ఉల్లిపాయ వాసన చూస్తే సరిపోయేది కదా? అమీర్‌కి మాట పడిపోతుంది. రోజూ ఉల్లిపాయలు తరిగేవాడికి తట్టిన సంగతి పుస్తకాలు చదివేవాడికి తట్టలేదు. నవల మొత్తంలో నాకు మళ్ళీ మళ్ళీ చదవాలనిపించే పేజీ ఇది.

ఇలాంటి జతలు మనకు కొత్త కాదు. మన పల్లెల్లో దొర కొడుకూ జీతగాడి కొడుకూ గొడ్ల కొట్టంలో, చెరువు గట్టున కలిసి ఆడి, అన్నం వేళకు ఒకడు వసారాలోంచి లోపలికి, ఒకడు పెరటివైపుకి పోయిన కాలం ఈ హాల్లో కూర్చున్న పెద్దలకు తెలుసు. అక్కడిది తెగ, మతశాఖ. ఇక్కడిది కులం, భూమి. రెండిటినీ ఒకే గాటన కట్టను. అయినా ఆ రెండు దారులు విడిపోయే చోట పిల్లలకు ఏమి అర్థమవుతుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

1975 చలికాలం. గాలిపటాల పోటీ. చివరి పటాన్ని అమీర్ తెంచుతాడు. తెగి పడిన ఆ నీలం పటాన్ని పట్టి తేవడానికి హసన్ పరుగెత్తుతాడు. పటం తెచ్చి బాబా చేతిలో పెడితే తండ్రి ప్రేమ దొరుకుతుందని అమీర్ ఆశ. ఒక సందులో ఆసెఫ్ అనే రౌడీ పిల్లవాడు, వాడి జతగాళ్ళు హసన్‌ని అడ్డగిస్తారు. పటం ఇచ్చేస్తే వదిలేస్తామంటారు. అది అమీర్‌ది, ఇవ్వను అంటాడు హసన్. ఆ తర్వాత జరిగిన అత్యాచారాన్ని అమీర్ మలుపు దగ్గర నక్కి చూస్తాడు. అడ్డుపడడు. భయమే కారణమని మొదట చెప్పుకుంటాడు. ఇంకా కింద ఉన్న కారణాన్ని కూడా ఒప్పుకుంటాడు: వాడు హజారాయే కదా.

తెలిసినవాణ్ణి తెలిసినట్టే ప్రేమిస్తూ, అవసరం పడ్డప్పుడు వాడి జాతి గుర్తుచేసుకునే ఈ వెసులుబాటు పష్తూన్ పిల్లవాడికే ఉంది. హసన్‌కి లేదు. అమీర్ పష్తూన్ అని ఎప్పుడైనా తలచుకుని పక్కకు తప్పుకుంటే వాడికి పూట గడవదు.

తప్పు చేసినవాడు తప్పును చూపించే మనిషిని భరించలేడు. అమీర్ తన పుట్టినరోజుకు వచ్చిన వాచీని, డబ్బును హసన్ పరుపు కింద పెట్టి దొంగతనం అంటగడతాడు. బాబా నిలదీస్తే హసన్ నేనే తీశానంటాడు. అమీర్ సందులో చూశాడనీ వాడికి తెలుసు, పరుపు కింద ఎవరు పెట్టారో కూడా తెలుసు. అయినా అమీర్‌ని కాపాడాడు. దొంగతనాన్ని మించిన పాపం లేదని జీవితమంతా చెప్పిన బాబా ఆ క్షణమే క్షమిస్తాడు. అలీ మాత్రం ఆగడు. కొడుకును తీసుకుని హజారాల సీమ హజారాజాత్ వెళ్ళిపోతానంటాడు. ఉండమని బాబా బతిమాలుతాడు, ఏడుస్తాడు. యజమాని నౌకరును బతిమాలడం అమీర్‌కి అర్థం కాదు. పాఠకుడికీ అర్థం కాదు, ఇంకా.

నవల చివరి భాగంలో తెలుస్తుంది. అలీకి పిల్లలు పుట్టే అవకాశం లేదు. హసన్ బాబా కొడుకే. తనతో అన్నదమ్ములా పెరిగిన నౌకరు భార్యతో బిడ్డను కని, ఆ నిజాన్ని కొడుకులిద్దరి దగ్గరా దాచి బతికాడాయన. హసన్ చీలిన పెదవికి ఆపరేషన్ చేయించాడు, తోటలో చోటిచ్చాడు, పుట్టినరోజుకు బహుమతులిచ్చాడు. పేరు ఇవ్వలేదు. చదువు ఇవ్వలేదు. అలీతో నలభై ఏళ్ళు కలిసి బతికిన ఆ మనిషి చిన్ననాటి కబుర్లు ఎన్ని చెప్పినా అలీని స్నేహితుడని ఒక్కసారీ అనలేదని అమీర్ గమనిస్తాడు. తానూ హసన్‌ని అలా అనుకోలేదని అప్పుడే ఒప్పుకుంటాడు. రెండు తరాలు ఒకే ఇంట్లో ఒకే తప్పు చేశాయి.

1981లో బాబా, అమీర్ పెషావర్ మీదుగా అమెరికా చేరతారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కాపురం. బాబా పెట్రోలు బంకులో పనిచేస్తాడు, ఆదివారాలు సాన్ హోసే సంతలో పాత సామాన్లు అమ్ముతాడు. అమీర్ పెళ్ళి, రచనలు, బాబా మరణం, ఈ అధ్యాయాలు బాగుంటాయి గాని ఇవాళ వాటి మీద ఆగను.

హసన్ ఏమయ్యాడు? 1986లో బాబా స్నేహితుడు రహీంఖాన్, వయసు మీదపడి, పెద్ద ఇల్లు ఒంటరిగా చూసుకోలేక, హసన్‌ని వెతుక్కుంటూ బామియాన్ వైపు వెళతాడు. బాబా పోయాడని విని హసన్ ఏడుస్తాడు. భార్యతో కాబూల్ వస్తాడు. ఖాళీగా ఉన్న గదుల్లో ఉండమంటే ఒప్పుకోడు. తాను పుట్టిన మట్టి గుడిసెలోనే ఉంటాడు. అమీర్ ఆగా తిరిగి వస్తే ఏమనుకుంటాడు అంటాడు. చదవడం నేర్చుకుంటాడు. అమీర్‌కి ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం చేరేసరికి తాలిబాన్ వచ్చి, ఇంత పెద్ద ఇంట్లో హజారావాళ్ళు ఉండడమేమిటని, హసన్‌నీ అతని భార్యనూ వీధిలో కాల్చి చంపుతారు. ఇద్దరు హజారా నౌకర్ల కోసం ప్రాణం మీదికి ఎవరు తెచ్చుకుంటారని ఇరుగుపొరుగు ఊరుకుంటారు. కుటుంబ విధేయత అన్న మాటకు ఈ నవలలో అసలైన అర్థం ఇదే. తనది కాని ఇంటికి కాపలా కాసినవాడు ఆ ఇంటి ముందే చచ్చాడు. అది నిజానికి తన ఇల్లే అని తెలియకుండా చచ్చాడు.

ఇప్పుడు నాకు ఈ నవలతో ఉన్న పేచీ చెబుతాను. రహీంఖాన్ అమీర్‌ని పెషావర్ పిలిపించి, అనాథాశ్రమంలో ఉన్న హసన్ కొడుకు సొహ్రాబ్‌ని తెమ్మని అడుగుతాడు. అమీర్ మొదట ఒప్పుకోడు. డబ్బిస్తాను, వేరేవాళ్ళను పంపండి, నాకు అమెరికాలో భార్య, ఇల్లు, ఉద్యోగం ఉన్నాయంటాడు. అప్పుడు రహీంఖాన్ నెత్తురు రహస్యం విప్పుతాడు. ఆ తర్వాతే అమీర్ కదులుతాడు.

ఆ వరస గమనించండి. పాలు పంచుకున్న తమ్ముడి కొడుకు కోసం వెళ్ళలేదు. తనకోసం సందులో నలిగినవాడి కొడుకు కోసం వెళ్ళలేదు. తన ఇల్లు కాపాడుతూ చచ్చినవాడి కొడుకు కోసం వెళ్ళలేదు. తండ్రి నెత్తురని తెలిశాక వెళ్ళాడు. అమీర్ స్వభావం అదే, అతని వర్గం స్వభావం అదే, కనుక ఇది నిజమైన చిత్రణ అని వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. కానీ రచయిత అక్కడ హసన్‌కి అన్యాయం చేశాడని నా తీర్పు. హజారా నౌకరు అమీర్ త్యాగానికి అర్హుడు కావాలంటే పష్తూన్ తండ్రికి పుట్టి ఉండాల్సి వచ్చింది. అలీ చెప్పిన పాల బంధం చాలా పేజీల పాటు కథలో మెరిసి, అవసరమైన చోట చాలకుండా పోయింది. హసన్ అలీ కొడుకే అయి ఉండి, రహస్యమేదీ లేకుండా, అమీర్ కాబూల్ వెళ్ళి ఉంటే, ఆ నవల ఇంకా పెద్దదయ్యేది.

ఇంకో మాట కూడా అదే దారిలో చెప్పాలి. అఫ్ఘానిస్తాన్ పష్తూన్లదే, హజారాలు నేలను మలినం చేశారని ఊగిపోయే ఆసెఫ్ తల్లి జర్మన్. అమీర్ పుట్టినరోజుకు వాడు తెచ్చిన కానుక హిట్లర్ జీవితచరిత్ర. వాడి చేతిలో నలిగిన హసన్ సగం పష్తూన్. స్వచ్ఛత గురించి అరిచేవాడూ మిశ్రమమే, మైల అనిపించుకున్నవాడూ మిశ్రమమే. ఇది హొస్సేనీ నోటితో చెప్పకుండా కథ పొందికలోనే పెట్టాడు. ఇక్కడ ఆయన పనితనానికి నమస్కారం పెడతాను.

అమీర్ కాబూల్ వెళతాడు, దెబ్బలు తింటాడు, పిల్లవాణ్ణి ఫ్రీమాంట్ తెస్తాడు. అక్కడ ఒక విందు రోజు మామగారు జనరల్ తాహెరీ, మన ఇంట్లో హజారా పిల్లవాడు ఎందుకున్నాడని మనవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అంటాడు. తన తండ్రి నౌకరు భార్యతో ఉన్నాడనీ, వీడు తన తమ్ముడి కొడుకనీ అమీర్ భోజనాల బల్ల దగ్గరే చెప్పేస్తాడు. ఇకమీదట నా ఎదుట వీణ్ణి హజారా పిల్లవాడు అనొద్దు, వీడికో పేరుంది, సొహ్రాబ్ అంటాడు. గాలిపటాల సన్నివేశాలు అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం అమీర్ నిజంగా మారింది ఈ బల్ల దగ్గర. సందులో మాట్లాడాల్సిన నోరు ఇరవై ఆరేళ్ళ తర్వాత తెరుచుకుంది. పరాయి ఊళ్ళో, ప్రాణభయం లేని చోట తెరుచుకుందని నాకు తెలుసు. అయినా ఇంటి పెద్దల ఎదుట, కట్టుకున్నామె ఎదుట తండ్రి పరువు తీసి తమ్ముడి కొడుకును నిలబెట్టడం చిన్న పని కాదు.

ఇది కథలోనే ముగిసిన వ్యవహారం కాదు. 1998 ఆగస్టులో తాలిబాన్ మజారె షరీఫ్ పట్టుకుని హజారాలను ఇంటింటా వెతికి చంపింది. కనీసం 2,000 మంది అని హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేశారు. 2007లో నవల సినిమాగా వచ్చింది, ఎక్కువ భాగం చైనాలోని కాష్గర్‌లో తీశారు. అత్యాచార సన్నివేశం తెగల మధ్య పగ రేపుతుందని, నటించిన పిల్లల ప్రాణానికి ముప్పని భయపడి, వాళ్ళను అఫ్ఘానిస్తాన్ నుంచి యూఏఈకి తరలించేదాకా విడుదల వాయిదా వేశారు. అఫ్ఘానిస్తాన్‌లో ఆ సినిమాను నిషేధించారు. 2022 సెప్టెంబర్ 30న కాబూల్‌లో హజారాలు నివసించే దష్తె బర్చీ పేటలో, కాజ్ అనే విద్యాకేంద్రంలో ప్రవేశ పరీక్షకు నమూనా పరీక్ష రాస్తున్న పిల్లల మధ్య బాంబు పేలింది. 50 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది అమ్మాయిలు. హసన్‌కి దక్కని పలక కోసం వచ్చిన పిల్లలు వాళ్ళు.

హసన్ గొంతు ఈ నవలలో మనకు ఒక్క ఉత్తరంలోనే వినిపిస్తుంది. మిగతాదంతా అమీర్ చెప్పిన హసన్. మంచితనం తప్ప మరో గుణం కనబడని హసన్. కోపం వస్తే ఏమనేవాడో, గుడిసెలో తండ్రితో రాత్రిళ్ళు ఏం మాట్లాడేవాడో అమీర్‌కి తెలియదు, కనుక మనకూ తెలియదు. ఆ లోటు ఈ పుస్తకంలో పూడేది కాదు. అందుకే దీని పక్కన ఇంకో రెండు పుస్తకాలు పెట్టుకుని చదవాలంటాను. ఒకటి, ఆస్ట్రేలియా చేరిన హజారా శరణార్థి నజఫ్ మజారీ, రాబర్ట్ హిల్‌మన్‌తో కలిసి చెప్పిన 'ద రగ్‌మేకర్ ఆఫ్ మజారె షరీఫ్'. తివాచీలు బాగుచేసే పనివాడి జీవితం అది. రెండోది, ఇటలీ రచయిత ఫాబియో జేదా రాసిన 'ఇన్ ద సీ దేర్ ఆర్ క్రొకడైల్స్'. గజనీ దగ్గరి ఎనాయతుల్లా అక్బరీ అనే హజారా కుర్రవాడి నిజమైన కథ. తండ్రి పష్తూన్ వర్తకుల లారీ నడుపుతూ దోపిడీదొంగల చేతిలో చనిపోతాడు. పోయిన సరుకు కింద కొడుకును ఇమ్మని వర్తకులు అడుగుతారు. వాళ్ళ కంట పడకుండా తల్లి కొడుకును గోతిలో దాస్తుంది, చివరికి క్వెట్టా తీసుకెళ్ళి అక్కడ వదిలి వెళ్ళిపోతుంది. పదేళ్ళ పిల్లవాడు పాకిస్తాన్, ఇరాన్, టర్కీ, గ్రీస్ దాటి ట్యూరిన్ చేరతాడు. ఆ కథను వాడి నోటితోనే వింటాం.

ఈ రెండూ మన గ్రంథాలయంలో లేవు. తెప్పించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఖర్చు నేను పెట్టుకుంటాను. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవారు వాటి మీద మాట్లాడితే, నేను ముందు వరుసలో కూర్చుని వింటాను.